ఒక్కరికి సరిపోయే గుడారం

ఆ ఉదయం క్లైవ్ టోస్టు మీద వెన్న రాసుకుంటూ, పక్కనున్న ట్యాబ్‌లో ఇంటిల్లిపాది విష్‌లిస్ట్ తెరిచాడు. క్రిస్మస్ దగ్గర పడుతోంది. అల్వర్‌స్టన్‌లో ఎండలు మొదలయ్యాయి; భూగోళానికి దక్షిణాన ఉన్న ఆ ఊళ్ళో డిసెంబరంటే వేసవే. వంటింటి కిటికీలోంచి సముద్రపు గాలి వస్తోంది. పెరట్లో భార్య మెరిల్ బఠాణీ తీగలకు నీళ్ళు పెడుతోంది.

ఈ విష్‌లిస్ట్ ఏర్పాటు కూతురు బ్రాన్విన్‌ది. కిందటి క్రిస్మస్‌కు క్లైవ్‌కు ఒకే రకం టార్చిలైట్లు మూడు వచ్చాయి. అది చూసి ఆమెకు విసుగు పుట్టింది. "ఇక నుంచి ఎవరికేం కావాలో వాళ్ళే రాయండి. పుట్టినరోజుకైనా పెళ్ళిరోజుకైనా అందులోంచే కొందాం. కొన్నవాళ్ళు టిక్కు పెడితే రాసినవాళ్ళకు కనబడదు" అని అందరి ఫోన్లలోనూ పెట్టి మరీ వెళ్ళింది. క్లైవ్ చేపలు పట్టే గాలాలు రాసుకున్నాడు. మెరిల్ మాత్రం ఏడాది పొడవునా తన పేరు కింద ఖాళీగానే వదిలేసింది. దాంతో మాతృదినోత్సవానికి వాక్యూమ్ క్లీనర్, పుట్టినరోజుకు ఓవెన్ గిన్నెలు వచ్చాయి. రెండూ మంచి రకమే.

ఈ రోజు ఆమె పేరు కింద నాలుగు వస్తువులు కనిపించాయి. ఒక మనిషికి సరిపోయే గుడారం. ఒక మనిషికి వంట చేసుకునే చిన్న స్టవ్. నడక బూట్లు. వాన కోటు.

క్లైవ్ చేతిలో టోస్టు అలాగే ఉండిపోయింది. ఒక మనిషికి అన్న మాటను మళ్ళీ మళ్ళీ చదివాడు. పొరపాటున పడిందేమో అనుకుందామంటే, మెరిల్ పొరపాట్లు చేసే మనిషి కాదు. ఆమె లోపలికి వచ్చి, "ఏంటలా కొయ్యబారిపోయావు? మందు బిళ్ళ వేసుకున్నావా?" అంది.

"వేసుకున్నా" అన్నాడు, ట్యాబ్ మూసేస్తూ.

మెరిల్ దుకాణానికి వెళ్ళగానే బ్రాన్విన్ ఫోన్ చేసింది.

"నాన్నా, అమ్మ లిస్టు చూశావా? నువ్వేం చేశావు?"

"నేనేం చేశానే? ఏమీ చెయ్యలేదు."

"అదేనేమో బాధ! పోట్లాడుకున్నారా?"

"లేదమ్మా. నిన్న రాత్రి కూడా ఇద్దరం కలిసి టీవీ చూశాం."

"మా ఆఫీసులో ఒకావిడ ఇలాగే ముందు బూట్లు కొనుక్కుంది. తర్వాత ఇల్లు వేరు చేసుకుంది. ఆదివారం భోజనానికి వస్తున్నా. నేను కనుక్కుంటా, నువ్వు నోరు మెదపకు."

క్లైవ్ ఆదివారం దాకా ఆగలేకపోయాడు. మర్నాడే కారు తీసుకుని డెవన్‌పోర్ట్ వెళ్ళి, కొండలెక్కేవాళ్ళ సామాన్లమ్మే దుకాణంలో గుడారం కొన్నాడు. ఇద్దరికి సరిపోయేది. పెద్దది, ఖరీదైనది. దాన్ని గరాజ్‌లో దాచి, లిస్టులో టిక్కు పెట్టాక గాని కాస్త ఊపిరాడలేదు. దాన్ని చూస్తే మెరిల్‌కు తన మనసు అర్థమవుతుందని అతని ఆశ.

ఆదివారం పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద సాసేజ్‌లు కాలుతున్నాయి. నోరు మెదపవద్దని తండ్రికి చెప్పిన బ్రాన్విన్, సలాడ్ గిన్నె బల్ల మీద పెట్టీ పెట్టకముందే అడిగేసింది.

"అమ్మా, సూటిగా చెప్పు. నాన్నని వదిలేసి వెళ్ళిపోతున్నావా?"

మెరిల్ చేతిలోని పట్టకారు కింద పెట్టింది. "ఏమన్నావు?"

"గుడారం ఒక్కరికి, స్టవ్ ఒక్కరికి. చూసినవాళ్ళు ఏమనుకోవాలి?"

"ఏమనుకోవాలో నన్ను అడగొచ్చుగా! మీరిద్దరూ వారం రోజులుగా గుసగుసలాడుకుంటున్నారు. నన్ను చూసి ఫోన్లు పెట్టేస్తున్నారు. నాకు కళ్ళు లేవనుకున్నారా?" మెరిల్ గొంతు పెరిగింది. "ఏం కావాలో రాయమంటే రాశాను. నేను రాయనప్పుడు మీకే అనుమానమూ రాలేదు. ఇంట్లో దుమ్ముందని వాక్యూమ్ క్లీనర్ కొనిచ్చారు. నా పుట్టినరోజుకి వచ్చిన గిన్నెల్లో ఆ రోజే మీకు వండి పెట్టాను!"

బ్రాన్విన్ ముఖం ఎర్రబడింది. క్లైవ్ గరాజ్‌లోకి వెళ్ళి, పెద్ద సంచీ మోసుకొచ్చి భార్య కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఇద్దరికి సరిపోయేది తెచ్చాను" అన్నాడు. "ఎక్కడికెళ్ళాలనుకుంటున్నావో నాకు తెలీదు. నేనూ వస్తాను."

మెరిల్ సంచీ పట్టీ పట్టుకుని ఎత్తి చూసింది. అది నేల మీంచి కొంచెమే లేచింది.

"దీన్ని నేను మొయ్యగలనా క్లైవ్?"

"నేను మోస్తాను."

"గుండెకి బైపాస్ చేయించుకున్న మనిషివి, నువ్వు మోస్తావా?"

"డాక్టరు బాగుందన్నాడుగా. పూర్తిగా నయమైందన్నాడు."

"నీకు నయమైంది. నాకు కాలేదు" అంది మెరిల్.

పొయ్యి మీద సాసేజ్‌లు మాడుతున్నాయి. బ్రాన్విన్ వెళ్ళి మంట ఆపేసింది. మెరిల్ కుర్చీలో కూలబడి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నీ ఆపరేషన్ అయినప్పటి నుంచి రోజూ రాత్రి నీ ఊపిరి వింటూ పడుకుంటున్నాను. నువ్వు పక్కకి తిరిగితే లేస్తాను. తిరక్కపోతే భయమేసి లేస్తాను. నువ్వు స్నానాల గదిలో ఆలస్యం చేస్తే తలుపు దగ్గర నిలబడతాను. నువ్వు నవ్వుతావని చెప్పలేదు. నాకు కొన్ని రోజులు నా ఊపిరి నేను వినాలని ఉంది. అంతే. క్రేడిల్ కొండ దగ్గర మొదలయ్యే ఆ ఓవర్‌ల్యాండ్ ట్రాక్, ఆ ఆరు రోజుల అడవి దారి, పెళ్ళికి ముందు ఒకసారి నడిచాను. ఫిబ్రవరికి పర్మిట్ తీసుకున్నాను. నడిచి, తిరిగి ఇంటికే వస్తాను. ఇంకెక్కడికి పోతాను?"

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మా" అంది బ్రాన్విన్ నెమ్మదిగా.

"చెప్తే మీ నాన్న నేనూ వస్తానంటాడు. నువ్వు ఈ వయసులో ఎందుకంటావు. లిస్టులో రాస్తే ఎవరూ ఎదురుచెప్పరనుకున్నా."

క్లైవ్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏడాదిగా ఈ ఇంట్లో జబ్బు మనిషి తానొక్కడే అనుకున్నాడు. బాగై లేచి తిరుగుతుంటే అందరికీ బాగైపోయిందనుకున్నాడు. తాను కొన్న గుడారం తన భయానికి కొన్నదే తప్ప ఆమెకు కొన్నది కాదని తెలుస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు వెళ్ళిపోతావనుకున్నాను మెరిల్" అన్నాడు.

"పిచ్చివాడా" అంటూ ఆమె అతని తల దగ్గరికి తీసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత మెరిలే ముందు నవ్వింది. "వెళ్ళిపోయేదాన్ని బూట్లు నీ చేత కొనిపించుకుంటానా?"

బ్రాన్విన్ ముక్కు తుడుచుకుంటూ, "బూట్లు నేను కొంటాను. సైజు రాయలేదు నువ్వు" అంది.

"వెడల్పు పాదాలు అని కూడా రాసుకో. లేకపోతే దారిలోనే విప్పి పారేస్తాను."

పెద్ద గుడారం వెనక్కిచ్చి ఒక్కరికి సరిపోయేది తేవడానికి సోమవారం క్లైవ్ మళ్ళీ డెవన్‌పోర్ట్ వెళ్ళాడు. దుకాణంలోంచి ఇంటికి ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళలో ఏది కొనాలన్నా అలా అడిగింది లేదు.

"ఆకుపచ్చది ఉంది, ఎర్రది ఉంది. ఏది తెమ్మంటావు?"

"ఎర్రది. దూరం నుంచి కనబడుతుంది. నీకు బెంగ తగ్గుతుంది."

"నా సంగతి వదిలెయ్. నీకేది ఇష్టం?"

"అయితే ఆకుపచ్చది" అంది మెరిల్.

ఫిబ్రవరిలో ఆమెను క్రేడిల్ కొండ దగ్గర దించి వచ్చాడు. ఆరో రోజు మధ్యాహ్నం దారి ముగిసే సెయింట్ క్లెయిర్ సరస్సు ఒడ్డున కారు ఆపి నిలబడ్డాడు. చెట్ల మధ్య నుంచి మెరిల్ వచ్చింది. ముఖం ఎండకు కందిపోయింది. జుట్టు చిక్కులు పడింది. మోకాలి దాకా బురద. అతన్ని చూసి చెయ్యి ఊపింది కాని, పరుగెత్తలేదు. తన నడకలోనే తాను వచ్చింది.

కారెక్కిన దగ్గర్నుంచి మాట్లాడుతూనే ఉంది. తన రొట్టె ఎత్తుకుపోయిన పక్షి గురించి, జలగల గురించి, పొగమంచులో దారి తప్పబోయిన చోటు గురించి. ఆమె ఆపకుండా అంతసేపు మాట్లాడడం క్లైవ్ విని చాలా కాలమైంది. అందుకే కారు నెమ్మదిగా నడిపాడు.

"రెండో రాత్రి ఒకటే వాన" అంది. "భయమేసింది. నువ్వుంటే బాగుండుననిపించింది."

"తర్వాత?"

"తర్వాత నిద్రపోయాను. తెల్లారేదాకా మెలకువ రాలేదు." అతని వైపు తిరిగింది. "మరి నువ్వు? నిద్రపట్టిందా?"

"మొదటి రాత్రి పట్టలేదు. తర్వాత... నిజం చెప్పమంటావా? హాయిగా పట్టింది."

మెరిల్ పగలబడి నవ్వింది. అతనికీ నవ్వాగలేదు. ఊరి మొదట్లో బేకరీ కనబడగానే ఆమె అతని భుజం తట్టింది.

"ఆపు, ఆపు. మాంసం కూరిన రొట్టె తినాలి."

"ఒకటి తీసుకుని చెరి సగం తిందామా?"

"నీదొకటి నువ్వు తీసుకో" అంది మెరిల్, తలుపు తెరుస్తూ. "నాకు రెండు."