పేరుకున్న తేనె

వెంకటరామారావు ఏ పదార్థమో తేల్చడం కష్టం. ఇన్‌స్పెక్టర్ ముందు ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారం. అడవి నుంచి తేనె, జిగురు తెచ్చేవాళ్ల ముందు మాత్రం బండరాయి. సత్తుపల్లి నుంచి ఇస్త్రీ చొక్కాలతో దిగి, భద్రాచలం అడవి అంచున కొనుగోలు డిపోలో గుమాస్తాగిరీ వెలగబెడుతున్నాడు.

ఎనభై నాలుగు డిసెంబరు చలిలో నాగక్క తేనె డబ్బా తెచ్చింది. మూత తీస్తే, తెల్లగా గడ్డకట్టి ఉంది.

"చక్కెర కలిపావు. తేనంటే కారాలి. తీసుకుపో."

"చలికి పేరుకుంది సారూ. కల్తీ మా ఇంటా వంటా లేదు." నలుగురిలో అంత మాట పడ్డాక నాగక్క ఆగలేదు. డబ్బా అక్కడే వదిలేసి విసురుగా వెళ్లిపోయింది.

ఇదంతా ఆశ్రమ పాఠశాల సైన్సు టీచరు హైమ గుమ్మంలో నిలబడి చూసింది. ఖమ్మం ఖానాపురం హవేలి అమ్మాయి. ఆమెకివ్వాలని రాసిన ఉత్తరం మూడు నెలలుగా ఇతగాడి జేబులోనే నలుగుతోంది.

"మీరేం చదివిండ్రు సార్?"

"బీకాం."

"గందుకే. చక్కెర గూడ పోస్తే పారుతది, గిన్నె నిండుతది. గట్లని అది ప్రవాహి కాదు, కుప్పగ నిలబడ్తది. ప్రవాహి అంటే ద్రవమైనా, గాలైనా, ఇంత తోస్తే చాలు జరిగిపోతది. అసలు తేనె గూడ చలికి పేరుకుంటది. డబ్బ వేణ్ణీళ్లల్ల పెట్టుండ్రి."

గంటలో తేనె జారుగా కారింది. వెంకటరామారావు చెవులు ఎర్రబడ్డాయి.

"రేపొచ్చి రసీదు తీసుకోమనండి."

"ఆమె ఎందుకొస్తది? నలుగుర్ల దొంగను జేసిండ్రు. నలుగుర్లనే తప్పయిందనుండ్రి. లేకుంటే నాతోని మాట్లాడకుండ్రి."

అతని చెయ్యి జేబులోని ఉత్తరం మీదికి పోయింది.

ఆదివారం ఖాళీ డబ్బా భుజాన వేసుకుని, నాలుగు మైళ్లు నడిచి నాగక్క గూడేనికి పోయాడు. హైమ కూడా వెంట వచ్చింది, సాక్ష్యానికట.

"తప్పు నాది నాగక్కా. క్షమించు." గూడెమంతా విన్నది.

నాగక్క అతన్ని ఎగాదిగా చూసింది. "సరే సారూ. ఇంకేమన్న ఉన్నదా లోపల?"

అతను జేబులోంచి ఉత్తరం తీసి హైమకిచ్చాడు. చెమటకు సిరా మొత్తం అలుక్కుపోయింది.

"ఒక్క అక్షరం కనబడ్తలేదు. నోటితోని చెప్పుండ్రి."

"నేను... మీరంటే... నన్ను పెళ్లి చేసుకుంటారా?"

గూడెం గొల్లుమంది. నాగక్క కొంగుతో నవ్వు తుడుచుకుంటూ హైమ వైపు తిరిగింది. "చూసుకో బిడ్డా, కల్తీ గిట్ల ఉన్నదేమో?"

హైమ ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకుంది.

"లేదు నాగక్కా. మూడు నెల్ల సంది పేరుకున్నడు, అంతే."