లైబ్రరీ గోడ మీద ముఖం

ఆమె వచ్చి డిటెక్టివ్ ఎదురుగా కూర్చుంది గానీ, ముందు పెట్టిన మంచినీళ్ళ వైపు చూడలేదు. చేతిలోని రుమాలు విప్పితే నీలం పెచ్చులు కొన్ని బల్ల మీద పడ్డాయి.

"లైబ్రరీ ముందుగోడకు పింగాణీ పలకలున్నాయి కదండీ. అవి ఎండకీ వానకీ పాడవకుండా పూత పూసేది నేనే. అన్నీ బాగున్నాయి. ఒక్కదానికే పైనున్న గ్లేజు, ఆ గాజులాంటి పొరంతా ఊడిపోయింది. నా పూత వల్లేనంటున్నారు. అదే ఖాయమైతే ఇక ఏ పాత కట్టడానికీ నన్ను పిలవరు. నాకు వేరే పని రాదు."

"ఆ పలక మీద ఏముంది?"

"మా మావయ్య కూతురి ముఖం. పలకలన్నీ మావయ్య చేసినవే. ఆ పిల్ల నదిలో మునిగి చనిపోయాక, ఆ ఒక్కటి ఆమె పోలికలతో చేశాడు."

బస్సు నంబరు చెప్పినట్టు చెప్పిందామె. డిటెక్టివ్ తల పంకించాడు. ఏ పనికీ తొందరపడడని ఆయన్ను అందరూ 'నిదానం' అని పిలుస్తారు. పక్కనే ఉన్న ఆయన అసిస్టెంటుకు మాత్రం ఆ నిదానమంటే మహా గురి.

మర్నాడు ముగ్గురూ లైబ్రరీ గోడకు కట్టిన పరంజా ఎక్కారు. పాడైన పలక మీద మిగిలిన గ్లేజును నిదానం గోటితో గీకాడు. పాల మీద మీగడలా పల్చటి పొర లేచింది. పక్క పలకను గీకితే ఏమీ రాలేదు.

"మీ పూత ఇలా లేస్తుందా?"

"లేవదండీ. నాది లోపలికి ఇంకిపోతుంది, కంటికి కనపడదు. వాన నీళ్ళు లోపలికి రావు, గోడలోని చెమ్మ మాత్రం ఆవిరై బయటికి పోతుంది. ఇది వార్నిష్. నేను పూసింది కాదు."

ఆ వార్నిష్ పలక చుట్టూ ఉన్న అతుకుల మీద కూడా ఉంది. కనురెప్పల దగ్గర, పెదవుల అంచున బ్రష్షు ఎంతో మెల్లగా మలుపు తిరిగింది. ఒక్క చుక్క కారలేదు. నిదానం అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.

తర్వాత, ఈ పని చేజారిన కాంట్రాక్టరును అడిగారు. "నేనైతే రోలరుతో లాగించేస్తానండీ. బ్రష్షుతో ఎవడు కూర్చుంటాడు?" అన్నాడతను. లైబ్రరీ అధికారికి నిచ్చెన చూస్తేనే కళ్ళు తిరుగుతాయట. మావయ్య తన బట్టీ పక్కన కూర్చుని ఒక గిన్నెకు రంగు వేస్తున్నాడు. "వానొస్తే లైబ్రరీ వైపు వెళ్ళను," అన్నాడు తలెత్తకుండా. గిన్నె అంచు పూర్తయ్యేదాకా నిదానం ఆ చేతినే చూశాడు.

సాయంత్రం అందరినీ లైబ్రరీలో చదువుకునే గదిలో కూర్చోబెట్టాడు.

"పాడుచెయ్యాలనుకున్నవాడు అంత శ్రద్ధగా పూయడు. ఇది గిన్నెలు చేసేవాళ్ళకే సాధ్యమైన పొరపాటు. గిన్నెకు పైపూత గట్టిగా ఉంటే చాలు. కానీ గిన్నె వెనక తడిగోడ ఉండదు. గోడలో చెమ్మకు దారి ఈ పలకా, దాని అతుకులే. వాటిని మూసేసరికి నీళ్ళు లోపలే నిలిచిపోయి, గ్లేజును వెనక నుంచి తోసేశాయి. మీరు పరంజా ఎక్కితే ఎందుకని అడిగేవాళ్ళు లేరు, పెద్దాయనా."

మావయ్య మేనకోడలి వైపు తిరిగాడు.

"నీ పూత కంటికి కనపడదు కదమ్మా. నమ్మలేకపోయా. దాని మొహంలోకి నీళ్ళు దిగుతున్నాయనిపించేది. నింద నీ మీదికి వస్తుందనుకోలేదు."

అధికారి, ఆమె తప్పేమీ లేదనీ, మిగతా పని కానివ్వచ్చనీ అన్నాడు. ఆమె సరేనంది. ఆ మాట కోసమే వచ్చింది గానీ, విన్నాక ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. కేసు తేలకపోతేనే బాగుండేదని అసిస్టెంటుకు మొదటిసారి అనిపించింది.

మావయ్య నిదానాన్ని అడిగాడు.

"అంటే బాబూ, నేను దాన్ని నీళ్ళతో కలిపి మూసేశానా?"

నిదానం ఆమె వైపు చూశాడు.

"అవును మావయ్యా," అందామె.

ఇద్దరికీ ఏడుపు రాలేదు. ఆయన తన చేతులు చూసుకున్నాడు.

"మిగిలిన ఆ కాస్త వార్నిష్ కూడా తీసెయ్యమ్మా," అన్నాడు. "పోనీ, తడవనీ."