మూడో పాస్‌పోర్టు

సాయంత్రం విమానం ఎక్కాల్సి ఉండగా, మధ్యాహ్నం మహిత సంచీ తెరిచి చూస్తే తన పాస్‌పోర్టు లేదు.

సంచీని బల్ల మీద బోర్లించింది. టూరుకు వెళ్ళేవాళ్ళందరి పాస్‌పోర్టులూ అందులోనే, అన్నిటికీ ఆఫీసువాళ్ళిచ్చిన ఎర్ర కవర్లే. ఒక్కొక్కటీ తెరిచింది. ఏ పేజీలోనూ తన ముఖం లేదు. టూరుకు వస్తున్న విద్యావతి గారిదీ, ఆవిడ మనవడు ఫణీంద్రదీ కూడా లేవు. కానీ అవి నిన్న సాయంత్రం మీటింగు కాగానే, పూజలో పెట్టుకుంటామని వాళ్ళే తీసుకెళ్ళారు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీది ఆ ట్రావెల్ ఆఫీసు టూరుకు పన్నెండు మందినే తీసుకెళ్తుంది. కజకిస్తాన్ వెళ్ళే ఈ గుంపుకు మహిత లీడర్. లీడర్‌గా ఇదే మొదటిసారి.

ఓనరు కిషన్ రావు గారు గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయం పుట్టించింది. “జర నిమ్మళంగా దేవులాడమ్మా. దొరకకపోతే నీ బదులు లీడర్‌గా మన నాగేందర్ పోతడు. పబ్లిక్‌ని ఆపలేం గద.”

పోయిందని కంప్లైంట్ ఇస్తే పాస్‌పోర్టు రద్దవుతుంది. ఇవ్వకపోతే ఎవడి చేతిలో ఏమవుతుందో. నిన్న కాపీలు తీయించిన అశోక్ నగర్ జిరాక్స్ షాపుకు పరుగెత్తింది. కోచింగ్ పిల్లల గుంపును తోసుకుని వెళ్ళి అడిగితే, షాపతను మెషిన్ మూత ఎత్తి చూపించాడు. ఖాళీ. పక్కనే ఉన్న కోచింగ్ సెంటర్లో జాగ్రఫీ చెప్పే ఫణీంద్రకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

ఎప్పుడూ మొదటి రింగుకే ఎత్తే మనిషి.

వాన మొదలైంది. పోయినేడు వియత్నాంలోనూ ఇలాంటి వానే. అప్పుడు మహిత అసిస్టెంటు. విద్యావతి గారు లాంతర్ల ఫొటోలు తీసుకునేదాకా బస్సంతా నవ్వుతూ ఆగింది. రాత్రి అందరూ ఒకే బల్ల దగ్గర, నూడుల్స్‌లో ఆవిడ తెచ్చిన కారప్పొడి కలుపుకు తిన్నారు. ఒక్క గొడుగు కింద నడుస్తూ ఫణీంద్ర, అప్పటికే తనను లీడర్ని చేసేసి, “ఇన్నేండ్లు మ్యాపులోనే చూపెట్టిన, లీడర్ గారూ, గీ వాసన మ్యాపుల లేదు,” అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగిపోయాడు.

ఈసారి ఆ మాట వినకుండానే వాళ్ళను సాగనంపాలేమో.

తడిసి ఆఫీసుకు వచ్చేసరికి నాగేందర్ బ్యాగుతో కూర్చుని ఉన్నాడు. అప్పుడే నారాయణగూడలోని ఇంటి నుంచి ఆటోలో వచ్చి విద్యావతి గారూ, వెనకాల ఫణీంద్రా మెట్లెక్కారు. అతను కళ్ళు ఎత్తకుండా మూడు పాస్‌పోర్టులు బల్ల మీద పెట్టాడు. మూడు కవర్ల మూలలకూ పసుపు.

మహిత మూడోది తెరిచింది. తన ముఖమే.

“ప్రాణం పోయింది నాకు,” అంది. “ఎవరు తీశారు?”

విద్యావతి గారు తెల్లబోయి మనవడి వైపు చూశారు. ఫణీంద్ర చేతులు కట్టుకున్నాడు.

“నేనే తీసిన. పొద్దుగాల్నే తెచ్చి పెట్టేద్దామనుకున్న, పూజ లేటయింది. నీ ఫోన్ చూసిన, ఎత్తనీకి ధైర్యం సాల్లే. తప్పే, తిట్టు. నానమ్మ మా ఇంట్లోల్ల పాస్‌పోర్టులకే పసుపు పెడ్తది మహితా. ‘మూడోది ఎవరిదిరా’ అనడిగింది. ‘ఇంటోల్లదే నానమ్మా, ఇంకా ఆమెకే చెప్పలే’ అన్న.”