నాలుగు నెలల వెల్డరూ, ఆరేళ్ళ నాటి ట్యాంకూ

మా వదిన పనిచేసే వర్క్‌షాపులో, షెడ్డు చివరి మూల, ఒక స్టీలు ట్యాంకు ఆరేళ్ళుగా పడి ఉండేది. పొద్దుగూకాక అటు వెళ్ళే మొనగాడు లేడు. అందులోకి దిగిన ఒక వెల్డరు ప్రాణాలతో పైకి రాలేదట. ఒంటి మీద దెబ్బ లేదు, కాలిన మచ్చ లేదు... అడుగున కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట.

"లోపల ఏదో ఉంది. కాళ్ళు పట్టుకుని లాగుతుంది," అని మేస్త్రి కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ గొంతు తగ్గించి చెప్పేవాడు. వదినకీ చెప్పాడు.

వదిన వెల్డింగ్‌లో చేరి అప్పటికి నాలుగు నెలలు. ముప్పై ఆరేళ్ళ వయసులో కుట్టుమిషను మూలన పెట్టి, "బట్ట కుట్టినదాన్ని, ఇనుము అతకలేనా?" అని బయల్దేరింది. అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. మొదటి నెలంతా కళ్ళు మండిపోయి తడిగుడ్డ వేసుకుని పడుకునేది. మూడో నెలకి ఆమె వేసిన అతుకు మీద వేలు పెడితే ఎక్కడా ఆగకుండా జారిపోయేది. మా నవ్వులు అక్కడితో బంద్.

ఆ వారమే ట్యాంకుకి బేరం కుదిరింది. అడుగున ఒక్క అతుకు మిగిలి ఉంది... చచ్చిపోయినవాడు సగంలో వదిలిన అతుకు. సీనియర్లందరికీ ఒకేసారి నడుంనొప్పులు పట్టుకున్నాయి.

"అది పూర్తిచేస్తే నీ ఉద్యోగం ఖాయం," అన్నాడు యజమాని. వదిన సరేనంది. భయం లేక కాదు. ఆ ఉద్యోగం ఆమెకి అంత కావాలి.

ట్యాంకులో పనికి ఒక పద్ధతి ఉంది. పైన, మనిషి దూరే కంత దగ్గర ఒకరు కాపలా ఉండాలి. ఐదు నిమిషాలకోసారి ట్యాంకు మీద సుత్తితో మూడు దెబ్బలు వేయాలి. లోపలివాళ్ళు తిరిగి మూడు వేయాలి. బదులు రాకపోతే నడుముకి కట్టిన తాడు పట్టి పైకి లాగేయాలి. ఆ రోజు కాపలా కూర్చున్నది ‘నిదానం’ అని అందరూ పిలిచే పెద్దాయన.

సాయంత్రం టీకి పైకొచ్చిన వదిన, చీకటి పడుతుండగా మళ్ళీ దిగింది. హెల్మెట్ దించితే నల్లద్దం... మెరుపు తప్ప ఇంకేమీ కనబడదు. మెరుపు ఆగితే అదీ ఉండదు.

టంగ్... టంగ్... టంగ్.

వదిన మూడు కొట్టింది. పనిలో పడింది.

కాసేపటికి చెయ్యి బరువెక్కింది. కళ్ళు వాటంతటవే మూతపడుతున్నాయి. కాళ్ళు తనవి కానట్టున్నాయి... ఎవరో కిందికి లాగుతున్నట్టు. మేస్త్రి మాట గుర్తొచ్చింది. అయినా భయం వేయలేదట! హాయిగా ఉందట. ఒక్క నిమిషం గోడకి ఆనుకుందామనుకుంది.

టంగ్ టంగ్ టంగ్.

బదులివ్వబోయింది. సుత్తి లేవలేదు.

టంగ్ టంగ్ టంగ్ టంగ్ టంగ్...

ఆపకుండా. చెవులు పగిలేలా. తలలో మేకులు దిగుతున్నట్టు.

వదినకి ఒళ్ళు మండింది. ఆయన్ని నాలుగు దులిపేద్దామని నిచ్చెన పట్టుకుని, ఒక్కో మెట్టూ పాకి, కంతలోంచి తల బయటపెట్టి... గుండెల నిండా ఊపిరి పీల్చింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

దూరం నుంచి పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వస్తున్నాడు.

"ఏంటి బాబాయ్ ఆ కొట్టడం?" అంది వదిన.

"నేనా? బాత్రూంకి వెళ్ళి ఇప్పుడేగా వస్తున్నానమ్మా..."

మాటలు విని మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. వదిన ముఖం చూశాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"టీకి వచ్చినప్పుడు గ్యాసు గొట్టం పైకి తెచ్చావా?"

"లోపలే పెట్టాను. తేవాలని ఎవరూ చెప్పలేదుగా."

మేస్త్రి గాలి కొలిచే మీటరుని తాడుకి కట్టి లోపలికి దించాడు. అడుగు చేరకముందే అది కీచుమంది. అతుకు పాడవకుండా వాడే గ్యాసు అది. రంగు లేదు, వాసన లేదు, గాలికన్నా బరువు. గొట్టం బిరడా కాస్త వదులుగా ఉన్నా చాలు, అడుగున చేరి అక్కడి గాలిని పైకి నెట్టేస్తుంది.

మేస్త్రి నేల మీద కూలబడ్డాడు.

"ఆరేళ్ళ కిందట ఆ గొట్టం లోపల వదిలేసింది నేనేనమ్మా. పైన కాపలా వదిలి వెళ్ళిపోయిందీ నేనే. ఆ మాట చెప్పలేక... దెయ్యం అన్నాను. అదే పట్టుకుని అందరికీ చెప్పుకొచ్చాను. గొట్టం సంగతి ఒక్కరికీ చెప్పలేదు." ఏడ్చేశాడు. "దెయ్యం లేదు. ఎప్పుడూ లేదు."

వదిన కంతలోకి తొంగిచూసిందట. తర్వాత మెల్లగా అంది —

"నేను తల బయటపెట్టాక కూడా కొడుతూనే ఉన్నారు మేస్త్రి గారూ. లోపల."

మేస్త్రి ఏడుపు ఆగిపోయింది. లేచాడు. ట్యాంకు వైపు చూడకుండా తలుపు వైపు నడిచాడు... ఆ నడక పరుగైంది.