బక్కన్న కనిపించడం లేదు

సోమవారం ఉదయం. బయాలజీ మేడమ్ దగ్గర చెవి తీసుకుని ల్యాబ్ తాళం తీసిన అటెండర్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

మూలన స్టాండ్ ఉంది. దానికి కొక్కెం ఉంది. కొక్కానికి వేలాడాల్సిన అస్థిపంజరం లేదు.

ఆ హైస్కూల్లో చదివిన వాళ్లందరికీ అది బక్కన్న. ప్లాస్టిక్ బొమ్మ కాదు. నిజం మనిషి ఎముకలు. ఎవరూ వచ్చి అడగని శవాల నుంచి అస్థిపంజరాలు తయారుచేసి అమ్మే రోజుల్లో స్కూలు కొన్నది. మనిషి ఎముకలు కాబట్టి హెడ్‌మాస్టర్ పోలీసులకు ఫోన్ చేయక తప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి గుమ్మం బయట చెప్పులు, బూట్లు వరసగా ఉన్నాయి.

"దుమ్ము పడితే మైక్రోస్కోపులు పాడవుతాయని బయాలజీ మేడమ్ పెట్టిన రూలండీ," అన్నాడు అటెండర్.

ఇన్‌స్పెక్టర్ వంగి బూట్లు విప్పాడు. ఆ వరసను ఒక్క క్షణం చూశాడు. లోపలికి నడిచాడు.

తాళం పగలలేదు. కిటికీలు బిగించే ఉన్నాయి. మైక్రోస్కోపులన్నీ బల్లల మీదే ఉన్నాయి. ఈ ఏడే కొన్న ప్లాస్టిక్ అస్థిపంజరం పళ్లికిలించి చూస్తోంది. అమ్ముకునే దొంగ వీటిని వదలడు.

అలమారా తెరిచాడు. కింది అరలో మందంగా దుమ్ము. అందులో సబ్బుపెట్టె పట్టేంత చోటు మాత్రం శుభ్రంగా ఉంది.

"ఇక్కడేముండేది?"

అటెండర్ తల గోక్కున్నాడు. "ఏదో డబ్బా సార్. దాన్నెవరు పట్టించుకుంటారు?"

ల్యాబ్ తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. బయాలజీ మేడమ్. కెమిస్ట్రీ సార్. ఫిజిక్స్ సార్. ముగ్గురూ బల్ల పక్కన నిలబడ్డారు.

"శనివారం సాయంత్రం ఎక్కడున్నారు?"

"ఇక్కడే సార్," అన్నాడు కెమిస్ట్రీ సార్. "మేడమ్ పాఠం చెబితే విన్నాం."

"టీచర్లకు పాఠమా?"

"ఆవిడ పెట్టిన అలవాటే. ఒకరి సబ్జెక్టు ఇంకొకరికి చెప్పుకోవాలి. ఆవిడ రాకముందు నేనూ ఫిజిక్సూ ఎదురుపడితే గోడవైపు చూసేవాళ్లం. ఇప్పుడు ఒకే క్యారియర్లో తింటున్నాం."

"మొన్నటి పాఠం?"

"ఎముకలు. వంశపారంపర్యం. సగంలో నాకు కునుకు పట్టింది. ఆవిడకి చెప్పకండి."

"వినపడింది," అంది మేడమ్. ఎవరూ నవ్వలేదు.

హెడ్‌మాస్టర్ గొంతు సవరించుకున్నాడు. "ల్యాబ్ బాధ్యత మేడమ్‌దే. సస్పెండ్ చేయడం తప్ప నాకు దారి లేదు."

"చేయండి సార్," అంది ఆమె. "నేనే తీశాను."

కెమిస్ట్రీ సార్ నోరు తెరిచాడు. ఫిజిక్స్ సార్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"ఎందుకు తీశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కింద పడి విరిగిపోయింది. భయమేసింది. చెత్తకుండీలో పడేశాను."

"డబ్బా కూడానా?"

"ఏ డబ్బా?"

"కింది అరలోది."

ఆమె మొహం పాలిపోయింది. "అవును... అది కూడా."

ఇన్‌స్పెక్టర్ హెడ్‌మాస్టర్‌ని, అటెండర్‌ని బయటికి పంపాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"మేడమ్, మీకు అబద్ధం చేతకాదు. డబ్బా పోయిన సంగతి నేను చెబితేనే మీకు తెలిసింది. అందులో ఏముండేది?"

ఆమె అలమారా తలుపు మూసింది. కెమిస్ట్రీ సారే నెమ్మదిగా అన్నాడు.

"వేలి ఎముకలు సార్. తీగ ఊడిపోతే తీసి దాచారు. బక్కన్నకి ఎడమ కాలికి ఆరో వేలుండేది. మొన్న అదే చూపించారు. ఇలాంటివి ఒక్కోసారి తండ్రి నుంచి బిడ్డలకి వస్తాయని చెప్పారు."

ఇన్‌స్పెక్టర్ తలూపాడు.

"విరిగినవి పారేసేవాళ్లు ఆ డబ్బాను వెతికి తీసుకెళ్లరు. అమ్ముకునేవాళ్లూ తీసుకెళ్లరు. ఒక్క ఎముక కూడా ఇక్కడ మిగిలిపోకూడదని అనుకున్నవాళ్లు తీసుకెళ్తారు. తమ మనిషే అనుకున్నవాళ్లు."

ఇన్‌స్పెక్టర్ చూపు నేల మీదికి దిగింది.

"బయట ఒక జత బూట్లున్నాయి. కుడిది మామూలుగా ఉంది. ఎడమది చిటికెన వేలి పక్కన ఉబ్బి, కుట్టు విడిపోయింది. లోపల మీ ముగ్గురిలో ఇద్దరు వట్టి కాళ్లతో ఉన్నారు. ఇంత ఎండలో ఒక్కరే సాక్సులు వేసుకుని ఉన్నారు."

ఫిజిక్స్ సార్ స్టూల్ మీద కూర్చున్నాడు. వంగి, ఎడమ కాలి సాక్సు తీశాడు. చిటికెన వేలి పక్కన ఇంకో వేలు.

"మా నాన్న కాలూ ఇంతే," అన్నాడు. "అన్నయ్య కాలూ ఇంతే. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా పని వెతుక్కుంటూ ఈ ఊరే వచ్చాడు సార్. తిరిగి రాలేదు. ఆసుపత్రులన్నీ తిరిగాం. మీ స్టేషన్లోనే ఫిర్యాదిచ్చాం. ఎప్పుడైనా ఎదురుపడతాడేమోనని ఉద్యోగం ఇక్కడికే వేయించుకున్నాను."

అతను ఖాళీ స్టాండ్ వైపు చేయి చూపాడు.

"ఇన్నేళ్లూ ఆ మూల పక్కనుంచే నడిచాను. పిల్లలు బక్కన్నా అని పిలుస్తుంటే నేనూ నవ్వాను సార్."

కెమిస్ట్రీ సార్ వెళ్లి అతని భుజం మీద చేయి వేశాడు.

"ఎముకలెక్కడ?"

"మా ఇంట్లో. అక్క దగ్గర. అమ్మ పోయాక మా ఇద్దరినీ అక్కే పెంచింది. నిన్నంతా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇవాళ నేనే వచ్చి చెబుదామనుకున్నాను. ఈలోపే మేడమ్..."

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగాడు. "మీకెప్పుడు తెలిసింది?"

"పాఠం చెబుతుంటే ఆయన మొహం చూశాను. అప్పుడు అర్థం కాలేదు. పొద్దున్న ఖాళీ స్టాండ్ చూశాక, వాళ్లన్నయ్య సంగతి గుర్తొచ్చి అర్థమైంది."

"ఉద్యోగం పోయేది కదమ్మా."

"ఆయన్ని ఇంట్లో ఉంచుకోవడానికి వాళ్లకి ఇంకొక్క రోజు దొరుకుతుందనుకున్నాను." ఆమె ఫిజిక్స్ సార్ ముందు కింద కూర్చుంది. గొంతు బాగా తగ్గించింది. "సార్, ఆరో వేలు ఎన్నో కుటుంబాల్లో ఉంటుంది. ఆ మాట మొన్న నేను గట్టిగా చెప్పాల్సింది. టెస్ట్ చేయిద్దామండీ."

అతను తలూపాడు.

అస్థిపంజరం పన్ను ఒకటి, ఫిజిక్స్ సార్ రక్తం డీఎన్ఏ ల్యాబ్‌కి వెళ్లాయి. హెడ్‌మాస్టర్ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఇకపై నిజం ఎముకలు స్కూల్లో ఉంచేది లేదని, ఇవి ఎవరివైనా సరే పూడ్చిపెడదామని ఆయనే అన్నాడు.

కొన్ని వారాలకు రిజల్టు వచ్చింది. ఫోన్లో చెప్పడానికి ఇన్‌స్పెక్టర్‌కి నోరు రాలేదు. స్కూలుకే వెళ్లాడు. ముగ్గురూ స్టాఫ్ రూమ్‌లో అన్నం తింటున్నారు. అతని మొహం చూసి ముగ్గురి చేతులూ ఆగిపోయాయి.

"కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఏ చుట్టరికమూ లేదు."

ఫిజిక్స్ సార్ తినే గిన్నెకు మెల్లగా మూత పెట్టాడు.

"అన్నయ్య వెళ్లిపోయినప్పటి నుంచి అక్క వీధి తలుపుకి గడియ పెట్టలేదు సార్. ఏ వేళప్పుడు వచ్చినా తోసుకుని లోపలికి రావాలని. ఈ మధ్యే పెట్టుకుని నిద్రపోతోంది." అతను గిన్నెను పక్కకు జరిపాడు. "ఇప్పుడు వెళ్లి ఏమని చెప్పను?"

కెమిస్ట్రీ సార్ కిటికీ వైపు తిరిగాడు. మేడమ్ కళ్లు తుడుచుకుంది.

ఇన్‌స్పెక్టర్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆవిడ అడిగితే నేను నిజమే చెప్పాలి," అన్నాడు. "అడగకపోతే, నా అంతట నేను వెళ్లి చెప్పను."

ఆవిడ అడగలేదు.

ఆదివారం ఉదయం శ్మశానంలో అయిదుగురే ఉన్నారు. పొట్టిగా, తెల్లజుట్టుతో ఉన్న అక్క, గుడ్డలో చుట్టిన ఎముకలను తనే గుంటలోకి అందించింది. చిన్న డబ్బాను అన్నిటికంటే చివర పెట్టింది.

"పెద్దోడా," అంది. "ఎంత ఏడిపించావురా నన్ను. పడుకో ఇక."

ఎవరి కొడుకో, ఎవరి తమ్ముడో తెలియని ఆ మనిషి మీద తలా గుప్పెడు మట్టి వేశారు. ఇన్‌స్పెక్టర్ కూడా వేశాడు. మేడమ్ అక్కను పొదివి పట్టుకుని గేటు వైపు నడిపించింది. కెమిస్ట్రీ సార్ వాళ్ల వెనకే వెళ్లాడు.

ఫిజిక్స్ సార్ వెనకే ఉండిపోయాడు. వాళ్లు దూరమయ్యేదాకా చూసి, ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చాడు.

"సార్, మా అన్నయ్య కనిపించడం లేదని మేమిచ్చిన కేసు ఇంకా ఉందా?"

"ఉంది."

"దాన్ని మూసేయకండి సార్," అన్నాడు. చేతులకంటిన మట్టి దులుపుకుని, అక్క దగ్గరికి నడిచాడు.