తడిసిన తేమముల్లు

గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగి, నాగవేణి పక్క ఊరి విత్తుపిలుపు మైకులో చదివింది. "మట్టి ఆరి ఉంది. ఆగండి." మట్టి తడిని లెక్కగట్టే గణకయంత్రం తెర మీద రాసిచ్చిన మాటను పొల్లు పోకుండా పలకాలి. యంత్రం గొంతు విని విత్తనం వెయ్యబోమని రైతులు మొండికేశాకే, మనిషి గొంతుతో చదివే పలకరి ఉద్యోగం పుట్టింది. ఈ పిలుపులొచ్చాకే సీమలో రెండు పూటలా పొయ్యి వెలిగిందన్నదీ నిజమే. కాదనడానికి ఆమెకు నోరు రాదు.

తర్వాత తెర మీద ఆమె సొంత ఊరు వచ్చింది. "మట్టి పదునెక్కింది. ఈ పూటే విత్తండి."

నాగవేణి పలకలేదు. పొద్దున ఆ చేల గట్ల మీదుగానే వచ్చింది; కాళ్లకు దుమ్ము ఇంకా అలాగే ఉంది. పక్క ఊళ్లో పడని వాన ఇక్కడ మాత్రం ఎప్పుడు పడిందట? మట్టి తడి కొలిచి గణకానికి చెప్పడానికి ఊరంతటికీ తిప్పక్క చేలో పాతిన తేమముల్లే ఆధారం. మైకు ఆపేసి అటు పరుగెత్తింది.

ముల్లుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. చుట్టూ మట్టి ముద్దలా తడిసింది. ముసలి తిప్పక్క ఖాళీ చెంబుతో నిలబడి ఉంది.

"ఏం పెద్దమ్మా, దీనికి నీళ్లు పోస్తివా?"

"పోయకుంటే ఎట్లమ్మే? వాన కబురు చెప్పే తల్లి గదా. ఎండకు కాలిపోతాందని దినామూ చెంబెడు పోస్తాండా. తప్పా?"

నాగవేణికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. పిలుపు కోసం విత్తనబండ్లు చేలల్లో బారులు తీరి ఉన్నాయి. ఇంటికి ఏడాదికి ఒకే విత్తన సంచి. పొడి దుక్కిలో విత్తితే మాడిపోతుంది, రెండోసారి ఇవ్వరు. ఇక ఊరంతా పస్తే.

తిరిగొచ్చి 'ఆపు' నొక్కింది. కారణం చెప్పమంది గణకం; ముల్లు తడిసిందని చెబితే, ఎవరు తడిపారని అడిగింది. రైతు ముల్లు తడిపాడని తేలితే ఆ ఊరిని పిలుపుల్లోంచి కొట్టేస్తారు, పంట కొనరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకు ఒళ్లు మండింది. ముల్లు పాతి వెళ్లినవాళ్లు అదేమిటో తిప్పక్కకు ఒక్క ముక్క చెప్పలేదు. పిలుపు వినడమే రైతు పని అనుకున్నారు.

"తడిపింది ఎవరు?" గణకం మళ్లీ అడిగింది.

"పలకరి," అంది నాగవేణి. "నేనే పోశాను."

గణకం దగ్గర దానికి సూత్రం లేదు. రైతు అబద్ధమాడొచ్చని దానికి నేర్పారు. తన గొంతే అబద్ధమాడుతుందని నేర్పలేదు. ఆ గొంతు పలికే ఊళ్ల పిలుపులన్నీ తెర మీద ఒక్కొక్కటే ఆగిపోయాయి, నిజంగా పదునెక్కిన ఊళ్లవి కూడా. ఒక ఊరిని కాపాడబోయి ఎన్ని ఊళ్ల అదును తప్పించింది!

వెనకే నడిచొచ్చిన తిప్పక్క గుమ్మంలోంచి అడిగింది. "ఏమ్మే, విత్తమంటాందా, వద్దంటాందా తల్లి?"

"తల్లి ఏమీ అనలేదు పెద్దమ్మా. వద్దంటాండేది నేను. బండ్లు ఆపమని అందరికీ చెప్పుపో."

తిప్పక్క ఆమె ముఖంలోకి చూసి, చేల వైపు తిరిగింది.

పదునెక్కిన ఊళ్లకు కబురు ఇక నడిచే వెళ్లాలి. నాగవేణి చెప్పులు తొడుక్కుంది.