ఆ కొడుకు ఎక్కడున్నా

తెల్లారిందో లేదో పాస్టర్ ప్రసన్నకుమార్ ఫోను మోగడం మొదలెట్టేసింది. మండపేటలో కొత్తింటి ప్రతిష్ఠ, రావులపాలెంలో పసిబిడ్డకు జ్వరం. ఎవరినీ కాదనలేడు మహానుభావుడు! ఒక గుమ్మంలో ప్రార్థన ముగించి, ఇచ్చిన టీ సగం తాగి, ఇంకో గుమ్మం ఎక్కుతాడు. తన ఇంట్లో నిదానంగా కూర్చుని అన్నం తిన్న పూట భార్య కృపారాణికి గుర్తు కూడా లేదు.

ఆ రోజు అతని తల్లి సంపూర్ణమ్మకు రాజమండ్రిలో కంటి ఆపరేషన్. కోడలు తోడు వెళ్తోంది. ఆటో కోసం ఎదురుచూస్తూ సంపూర్ణమ్మ కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

"భయంగా ఉందిరా నాన్నా. ఒక్కసారి ప్రార్థన చేసి వెళ్ళు."

ప్రసన్నకుమార్ గుమ్మంలోంచి వెనక్కి వచ్చి, తల్లి తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. జేబులో ఫోను కొట్టుకుంటూనే ఉంది.

"దేవా, ఈ గృహానికి నన్ను నడిపించినందుకు స్తోత్రం. ఈ తల్లి కళ్ళను ముట్టి స్వస్థపరచు. ఈమె కొడుకును జ్ఞాపకం చేసుకో ప్రభువా. అతను ఎక్కడున్నా, చెయ్యి పట్టుకుని ఈ తల్లి దగ్గరకు చేర్చు."

"ఆమెన్!" అంది సంపూర్ణమ్మ, వీధిలోకి వినబడేంత గట్టిగా.

"వందనాలమ్మా, ధైర్యంగా ఉండండి. వెళ్ళొస్తాను" అంటూ అతను చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాడు.

కృపారాణికి ఒళ్ళు మండిపోయింది. "ఆగండి! ఎవరింటికొచ్చారనుకున్నారు? ఆవిడ మీకు ఏమవుతుంది?"

"పొద్దున్నే ఏంటి కృపా ఈ గొడవ?"

"ఇప్పుడు ఏం ప్రార్థన చేశారో ఒక్క ముక్క చెప్పండి చూద్దాం!"

నోరు తెరిచాడు. ఒక్క మాటా గుర్తు రాలేదు.

"ఈమె కొడుకు ఎక్కడున్నా తెచ్చిపెట్టమన్నారండీ దేవుణ్ణి. ఎక్కడున్నారండీ మీరు?"

"నేనేమన్నా సరదాకి తిరుగుతున్నానా? దేవుడి పని కాదా ఇది?" అని అరిచాడు.

"దేవుడి పనే. ఆ దేవుడితో మీరు మాట్లాడి ఎన్నాళ్ళయింది?"

ప్రసన్నకుమార్ గడప మీద కూలబడ్డాడు. "మాటలు వాటంతటవే వచ్చేస్తున్నాయి కృపా. వాటిలో నేను ఉండట్లేదు. ఆదివారం సంఘమంతా కన్నీళ్ళు పెట్టుకుంటుంది, నాకు కన్ను కూడా చెమ్మగిల్లదు. మోకాళ్ళూనితే తర్వాత ఎవరింటికెళ్ళాలో అదే గుర్తొస్తుంది. భయమేస్తోంది. పాస్టరు ఎవరితో చెప్పుకుంటాడు?"

కృపారాణి కోపమంతా జావగారిపోయింది. వెళ్ళి పక్కన కూర్చుంది.

సంపూర్ణమ్మ గోడ తడుముకుంటూ వచ్చి, కొడుకు తల మీద చెయ్యి వేసింది. ఊరందరి తలల మీదా చెయ్యి పెట్టేవాడి కోసం ఇన్నేళ్ళలో ఒక్కరూ అలా ప్రార్థించలేదు.

"నా బిడ్డ అలసిపోయాడు ప్రభువా" అంది. ప్రసన్నకుమార్ తల్లి చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

బయట ఆటో హారన్ కొట్టింది. ఫోను మళ్ళీ మోగింది. అతను దాన్ని భార్య చేతిలో పెట్టాడు. "ప్రతిష్ఠ సంఘపెద్దలు చేస్తారని చెప్పు. రావులపాలెం నేను సాయంత్రం వెళ్తాను. ఇప్పుడు అమ్మతో వస్తున్నాను."

ఆటోలో సంపూర్ణమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"అందుకేరా, అంత గట్టిగా ఆమెన్ అన్నాను" అంది.